సందు లేని పందిరి

"గూడు కొట్టెయ్ ఉస్తా," అంది సాలిహా.

"వద్దత్తయ్యా," అంది కోడలు హుల్కర్.

నిచ్చెన మీదున్న మేస్త్రీ ఎర్గాష్ సుత్తి గాల్లోనే ఆపి ఇద్దరి వంకా చూశాడు. ఆ వీధిలో సగం ఇళ్ళకి రేకులు బిగించినవాడు. అత్త మాట పూర్తవకుండానే అడ్డొచ్చిన కోడలిని మాత్రం ఇదే చూడటం.

పుట్టబోయే బిడ్డ ఊయల విందు కోసమని వాకిలంతా కప్పేలా రేకుల పందిరి వేస్తున్నారు. దాని దూలాన్ని ఇంటి కప్పు వాసాలకి బిగించాలి. సరిగ్గా బోల్టు పడాల్సిన చోటే, చూరు కింద, వానకోవెల పిట్ట తడి మట్టి తెచ్చి గూడు కట్టుకుంటోంది.

"గుడ్లున్నాయా అందులో?"

ఎర్గాష్ వేలు పెట్టి తడిమాడు. "లేవు పెద్దమ్మా. ఖాళీ."

"ఖాళీ గూటికి ఇంత రాద్ధాంతమా?"

హుల్కర్ చెయ్యి దానంతటదే కడుపు మీదికి వెళ్ళింది. చలికాలం నుంచీ ఆ చెయ్యి అక్కడికి వెళ్తే చాలు, ఇంట్లో పనులు జరిగిపోతున్నాయి. మంచు కురుస్తుంటే పుచ్చకాయ అడిగింది. కోకంద్ బజారంతా గాలించి తెచ్చారు. కడుపుతో ఉన్నదాని కోరిక కాదనకూడదు. ఇదే అత్త పిల్లల్లేరని, పుట్టింటికి పంపెయ్యడానికి కిందటేడు ఆమె పెట్టె సర్దించి, పరుపులు కట్టించి గుమ్మం దగ్గర పెట్టించింది. కడుపు పండిందన్న కబురు బయటికొచ్చాకే ఆ పెట్టె మళ్ళీ లోపలికి వచ్చింది. భర్త ఎక్కడో ఎడారిలో గ్యాసు బావుల దగ్గర పనిలో ఉన్నాడు, ఆకురాలే కాలం దాకా రాడు. ఈ ఇంట్లో ఆమెకి ఉన్న అండ ఆ కోరికలే.

"నాకా గూడు ఉండాలనుంది అత్తయ్యా," నెమ్మదిగా అంది. "కోరికగా ఉంది."

ఎర్గాష్ సుత్తి దించేశాడు. "ఇంకేం, అయిపోయింది పెద్దమ్మా. కప్పుకి అతికించకుండా, ఇవతల రెండు స్తంభాలు పాతి పందిరి ఆపేస్తాను. రెండు జానల సందు వదిలితే పిట్ట వస్తుంది, పోతుంది. కాస్త వాన పడుతుంది, పడనీ."

"సందు ఉండకూడదు."

"ఊయల విందుకి వచ్చేవాళ్ళు గోడకి అతుక్కుని కూర్చోరు కదా."

"ఉండకూడదన్నాను. వెలుతురొచ్చే ప్లాస్టిక్ రేకు కాదని ఇనప రేకు తెప్పించింది, నువ్వు సందులు వదలడానికా?"

"అదే నాకూ అర్థం కాలేదు. పట్టపగలు దీపం పెట్టుకోవాలి దీని కింద. మనవడి కోసం పందిరి వేయిస్తున్నారో, నేలమాళిగ కట్టిస్తున్నారో."

పక్కింటి మేడ కిటికీ తెరుచుకుంది. జుమ్రద్ మోచేతులు ఆన్చి, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కిందికి వంగింది.

"ఏంటి సాలిహా వదినా, కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగితే కాదంటున్నావా? కంటికి కురుపు లేస్తుంది, చూసుకో."

"నా కన్ను నేను చూసుకుంటాలే. నీ కళ్ళు నీ వాకిట్లో పెట్టుకో."

"నేనేం చెయ్యను, మా ఆయన కిటికీ మీవైపే పెట్టించాడు." జుమ్రద్ నవ్వి తొక్కలు ఊసింది. "హుల్కర్, బంగారూ, నీకు ఆడపిల్లేనే. నిన్న నువ్వు వాకిలి కడుగుతుంటే చూశాను. కడుపు ఎడమ పక్కకి ఒరిగింది."

సాలిహా నేల మీద పడున్న గొట్టం ముక్క అందుకుని, చూరు కిందికి ఒక్క పోటు పొడిచింది. తడి మట్టీ గడ్డిపరకలూ హుల్కర్ పాదాల మీద రాలాయి. నోట్లో మట్టితో వచ్చిన పిట్ట, వాలే చోటు కనపడక వాకిలి చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

"తౌబా," అని గొణిగాడు ఎర్గాష్. మేడ మీద గింజలు కొరికే చప్పుడు ఆగిపోయింది. సాయంత్రానికి ఈ మాట మహల్లాలో ఇంటింటికీ తిరుగుతుంది.

హుల్కర్ కాళ్ళ మీది మట్టి దులుపుకోలేదు. పిట్ట కోసం అంత బాధగా లేదని తనకే తెలుస్తోంది. 'కోరిక' అన్న మాట మొదటిసారి పనిచెయ్యలేదు. ఇన్నాళ్ళూ తాను నిలబడ్డ పలక కింద ఏముందో వంగి చూసుకోలేదు. ఇప్పుడది కాళ్ళ కింద కదిలింది.

దూలం వాసాలకి బిగిసింది. రేకు అంచు చూరు కిందికి దూరింది. అతుకు పొడవునా ఎర్గాష్ తారు పూశాడు. ఒక్కో రేకూ పడేకొద్దీ ముందు ఆకాశం పోయింది, తర్వాత జుమ్రద్ కిటికీ పోయింది. వాకిలి నూతి అడుగులా అయింది.

సాలిహా టీ పోసి, రొట్టె తుంచి ముందు పెట్టింది. పనివాడు ఆ ఇంటి రొట్టె ముట్టకుండా పోవడమంటే ఆ ఇంటిని తిట్టి పోవడమే. ఎర్గాష్ సామాను భుజాన వేసుకుని, "నాకూ కూతుళ్ళున్నారు పెద్దమ్మా," అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

సాలిహా గేటు గడియ పెట్టింది. తల పైకెత్తి అతుకు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసుకుంది. ఎక్కడా వెలుగు చుక్క లేదు. అప్పుడు కోడలి దగ్గరికి వచ్చింది.

"అంతమంది ముందు కాదన్నారు," అంది హుల్కర్. "కడుపుతో ఉన్నదాని కోరిక ఎవరైనా కాదంటారా అత్తయ్యా?"

"ఎవరూ కాదనరు," అంటూ సాలిహా కోడలి గౌను కిందికి చెయ్యి పోనిచ్చి, ఎడమ పక్కకి జారిన దిండుని మధ్యకి జరిపి ముడి గట్టిగా బిగించింది.