సముద్రపు అల్లుడి ఉల్లి రొట్టె

"ఏం కోతలయ్యా అవి! పందులకా, మనుషులకా?"

కుర్చీలోంచే కర్ర ఎత్తి చూపించింది వాల్బుర్గా. అల్లుడు హిన్నెర్క్ కోసిన ఉల్లిపాయ ముక్కలు ఒక్కోటి బొటనవేలంత లావున్నాయి.

"సన్నగానే కోశాను కదా అత్తయ్యా."

"ఇది సన్నమా! మీ ఉత్తరాదిలో ఓడ తాళ్లని కూడా సన్నమనే అంటారేమో."

నిజమే మరి. నెకర్ నది ఒడ్డున ద్రాక్షతోటల్లో పుట్టిన కుర్రాళ్లు ఎంతమంది లేరు? వాళ్లందరినీ కాదని, ఎక్కడో సముద్రం ఒడ్డు నుంచి ఈ వెర్రిబాగులవాణ్ణి ఏరికోరి తెచ్చుకుంది కూతురు రైన్‌హిల్ట్. పెళ్లయి రెండేళ్లయినా, గుత్తి కత్తిరించమంటే తీగ కత్తిరిస్తాడు.

ఇవాళ సాయంత్రం ఆరింటికి గుమ్మానికి చీపురు కట్టాలి. చీపురు వేలాడిందంటే ఆ ఇంట్లో కొత్త వైను పోస్తున్నారని ఊరికి కబురు. నలభైమంది దిగుతారు. వైను పక్కన వేడి ఉల్లి రొట్టె లేకపోతే బల్ల దగ్గర ఒక్కడు కూర్చోడు. ఎన్నో ఏళ్లుగా ఆ రొట్టె వాల్బుర్గా చేతిదే. ఈస్టరుకి మెట్ల మీంచి పడి తుంటి విరిగాక ఆవిడ కుర్చీకి అంటుకుపోయింది. ఎముక అతికి మూడు నెలలైంది, లేచి నడవమని డాక్టరంటే, "పడింది నువ్వా, నేనా?" అని ఆయన్నే దులిపేసింది. "చీపురు అటకెక్కించండి, నా పని అయిపోయింది" అని అప్పట్నించీ ఒకటే పాట. ఇలాగే కూర్చుంటే అమ్మ ఈ చలికాలం దాటదని రైన్‌హిల్ట్‌కి బెంగ.

హిన్నెర్క్ ముక్కలన్నీ పెనంలో గుమ్మరించి మంట పెద్దది చేశాడు.

"మంట తగ్గించు! ఉల్లిపాయ మగ్గాలి, మాడకూడదు."

"రంగు రావద్దా అత్తయ్యా?"

"రంగెందుకు, గోడకి పూస్తావా? వెన్నలో ముప్పావు గంట మెత్తబడాలి. ఈ ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు."

"అంత దూరం నుంచి మీకేం కనిపిస్తుంది లెండి."

"కళ్లెందుకు, ముక్కు చాలదూ? మాడు కంపు ఇక్కడికే కొడుతోంది!"

పిండి ముద్దని రెండు పోట్లు పొడిచి వదిలేశాడు. పిసకవయ్యా, పిల్లిని నిమిరినట్టు నిమురుతావేం అని అరిచింది. మీగడలో గుడ్లు కొడితే పెంకులు కూడా అందులోనే పడ్డాయి. ఛీ, చేతులా అవి! అక్కడితో ఊరుకున్నాడా? కాగితం పొట్లం ఒకటి విప్పాడు.

"అదేంటి?"

"పొగబెట్టిన చేప. పంది ముక్కల బదులు వేద్దామని. మా ఊళ్లో చేప లేనిదే..."

"చేపా! నా రొట్టెలో చేపా!"

కుర్చీ వెనక్కి పడింది. కర్ర ఎటు పోయిందో ఆవిడ చూసుకోలేదు. అయిదంగల్లో పొయ్యి దగ్గరికొచ్చి పెనం లాక్కుంది.

"తప్పుకో దరిద్రుడా! నా పరువు తీయడానికే దాపురించావు."

మాడిన ముక్కలన్నీ కుడితి బకెట్లో పోసింది. మళ్లీ కోసింది, మళ్లీ పిసికింది, మగ్గిన ఉల్లిపాయల మీద మీగడ పోసి, పంది ముక్కలు పరిచి, షాజీరా చల్లింది. చేతగాని అల్లుడు తల దించుకుని పొయ్యిలో కట్టెలు పెడుతూ కూర్చున్నాడు. అంతకన్నా ఏం చేయగలడు, పాపం!

అయిదున్నరకి రైన్‌హిల్ట్ తోట నుంచి వచ్చింది. వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. తల్లి కాలే పళ్లెం రెండు చేతుల్తో పట్టుకుని, కర్ర లేకుండా అటూ ఇటూ తిరుగుతోంది.

"ఏమిటే ఆ చూపు? నీ మొగుణ్ణి నమ్ముకుంటే ఇవాళ ఊరంతా మనల్ని చూసి నవ్వేది."

"రేపు కూడా మీరే చేయాలి అత్తయ్యా. నా వల్ల కాదు."

"చేయక చస్తానా? నీకొదిలేస్తే జనం గొంతులో ముళ్లు గుచ్చుకుంటాయి. పో, చీపురన్నా తిన్నగా కట్టు."

రైన్‌హిల్ట్ కళ్లు తుడుచుకుంటూ, వైను కూజాల కోసం నేలమాళిగలోకి దిగింది. మూల బల్ల మీద పొడవాటి తెల్లగుడ్డ ఏదో కప్పి ఉంది. ఎత్తి చూసింది.

ఊరి ఉమ్మడి రొట్టెల పొయ్యిలో హిన్నెర్క్ పొద్దున్నే కాల్చి పెట్టిన పన్నెండు ఉల్లి రొట్టెల్లో ఒక్కటీ మాడలేదు.