చింతతోపు పక్షి

మదనపల్లె బస్టాండులో కదిలిపోతున్న పుంగనూరు బస్సు వెంట అమరావతి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. జువాలజీ లెక్చరరమ్మ పరుగు చూసి జనం నవ్వారు. నవ్వితే నవ్వనీ. ఆవిడకు ప్రాణం మీదికొచ్చింది.

ఏళ్ల తరబడి ఆవిడ పక్షుల రెట్టలు పరీక్షిస్తోంది. పక్షుల పేగుల్లో ఇంతవరకు ఎవరూ చూడని బాక్టీరియాను పట్టుకుంటేనే డాక్టరేటు. డాక్టరేటు వస్తేనే ఉద్యోగం నిలుస్తుంది. కాకి, కొంగ, గోరింక, గుడ్లగూబ, అన్నిట్లోనూ పాతవే. ఇక ఆశ వదులుకుందామనుకున్నాక ఒకే ఒక్క గాజుగొట్టంలో కొత్తది దొరికింది. బెంగళూరులో ఉండే గైడు కూడా చూసి నిజమేనన్నాడు.

"నీ థీసిస్ పక్షుల మీద కదమ్మా. ఇది ఏ పక్షిది?"

రెట్ట తెచ్చింది గుడుపల్లె గురప్ప. "రెక్కలుండేది ఏది కనబడినా వదలొద్దు" అని ఆవిడే పురమాయించింది. మిగతా గొట్టాలకు పక్షి పేరు చెప్పినవాడు, దీనికి మాత్రం చింతతోపుది అని ఊరుకున్నాడు. ఆవిడా అప్పుడు పట్టించుకోలేదు.

"సోమవారంలోగా చెప్పు. ఈ ఎనభైనాలుగో సంవత్సరంతో నీ గడువు సరి. ఇక పెంచరు" అన్నాడు గైడు.

దారి పొడుగునా బస్సు కిటికీలోంచి ప్రతి చింతచెట్టు వంకా ఆశగా చూసింది. పాలపిట్టా? పికిలిపిట్టా? ఏదైనా సరే, ఒక్కసారి కళ్లబడితే చాలు. ఏ దేవుడికి మొక్కాలో తెలియక అందరికీ మొక్కింది. పుంగనూరులో బస్సు మారి, కుప్పంలో ఇంకోటి పట్టుకుని, గుడుపల్లె చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

గురప్ప ఇంటి ముందే ఉన్నాడు.

"ఆ చింతతోపు పక్షి పేరేంది గురప్పా?"

"పనిమీద వచ్చిండావు. దాని పేరు ఎత్తకూడదమ్మా, కీడు. అయినా ఇంగేం సూస్తావు? తోపు ఇటుకల బట్టీకి అమ్మేసినారు. పొద్దున్నించి నరకతాండారు."

అమరావతి చెప్పులు చేతబట్టుకుని మళ్లీ పరుగు. వెనకాలే గురప్ప.

"ఎగిరిపోయినాయా?"

"పగటిపూట యాడికి పోతాయమ్మా? ఉండేవన్నీ కొసాకు ఉండే చెట్టు మీదికి చేరినాయి."

తోపంతా నేలకూలి ఉంది. ఆ ఒక్క చెట్టే మిగిలింది. దాని మొదట్లో చెట్లు కొట్టే మునెయ్య అప్పుడే గొడ్డలి ఎత్తాడు.

"ఆపప్పా! నీకు దండం పెడతా. నా బతుకంతా ఆ చెట్టు మీదే ఉంది" అంటూ భోరున ఏడ్చేసింది.

మునెయ్య బిత్తరపోయి గొడ్డలి దించాడు. "సూసుకో తల్లీ. ఆ పాడు పక్షుల కోసరమా ఇంత ఏడుపు?"

ఉన్నాయి. ఇంకా ఉన్నాయి. డాక్టరేటూ, ఉద్యోగమూ దక్కినట్టే. కొంగుతో కళ్లు తుడుచుకుని, గురప్ప వేలు చూపించిన కొమ్మ వైపు తలెత్తింది.

కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ, ఆ పక్షి తన పిల్లకు పాలిస్తోంది.