చుక్క తర్వాత ఆరు

"మహేందరన్నా, ఆ ప్రింటు ఆపు!"

సహజ కుస్తీ బట్టల్లోనే షామియానా కిందికి దూసుకొచ్చింది. బాన్సువాడ కుస్తీ పోటీలకు కంప్యూటర్ పనంతా మహేందర్‌దే. మనిషి మంచివాడే గానీ నోరు ఊరుకోదు.

"ఏంది చెల్లె, గంత ఉరుకొచ్చినవ్?"

"ఏడో నంబర్ ఫైనల్లకెల్లి ఔటని మైకుల చెప్పిన్రు. ఎందుకు?"

"యాభై అయిదు కిలోల పోటీ ఇది. ఏడో నంబర్ యాభై అయిదు పాయింట్ ఆరు. కంప్యూటర్‌కు రాసే ఆర్డర్ల, గదే క్వెరీల, రౌండ్ పెట్టిన, యాభై ఆరైంది."

తెర మీద నంబర్లూ బరువులే ఉన్నాయి. పేర్లు వేరే టేబుల్లో ఉంటాయి, ప్రింటుకు ముందే కలుపుతాడు. ఇంతగా ఉడికిపోతున్న పిల్లను చూశాక ఇంక పేరు వెతకడం దేనికి?

"పొద్దుగాల ఎన్ని బోండాలు లాగించినవ్?" అని నవ్వాడు.

సహజకు ఒళ్ళు మండింది. "బోండాల ముచ్చట తర్వాత! మగపిల్లల లిస్టుల చుక్క తర్వాతది కోసేసినవ్. మాకేమో పైకెత్తినవ్. గిదేం న్యాయం?"

మహేందర్ నాలిక కరుచుకున్నాడు. మగపిల్లల క్వెరీలో ట్రంకేట్ అని రాశాడు, దశాంశం తెగిపోయింది. ఆడపిల్లలది కొత్తగా రాస్తూ రౌండ్ పెట్టాడు. పక్కనే కూర్చున్న బాలరాజ్ పహిల్వాన్, పోటీలు పెట్టిన పెద్దమనిషి, కళ్ళెర్రజేశాడు. "అందరికీ ఒక్కటే లెక్క పెట్టు!"

"మారుస్తనే. కని ఏం ఫాయిద?" అని మహేందర్ గొణిగాడు. "ఫైనల్ల నీ మీదికి దేవ్లే గదా సహజా, పోయినేడు నిన్ను ఎత్తి పడేసింది, మళ్ళ పడతవ్."

"పడితే పడత! కుస్తీ పట్టకుండనే కప్పు ఇచ్చుడేంది అన్నా? ఏడుపొస్తుంది నాకు." నిజంగానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మహేందర్‌కు జాలేసింది. రౌండ్ చెరిపేసి ట్రంకేట్ కొట్టాడు. ఏడో నంబర్ బరువు యాభై అయిదుకు దిగింది, ఫైనల్ జోడీ మళ్ళీ కుదిరింది. సహజ కేక పెట్టి గోదా వైపు పరుగెత్తింది.

"ఇగనన్న జర తక్కువ తిను!" అని వెనక నుంచి అరిచి, పేర్లు కలిపి ప్రింటు తీశాడు.

ఏడో నంబర్ దేవ్లిది.