కుంకుమ పెట్టిన బటన్

"ఆ ఎర్ర బటన్ మీద ఎవరి చెయ్యన్న పడ్డదనుకో, రేపటి సంది గేటు లోపలికి రానియ్య!" అని పొద్దున్నే హుకుం జారీ చేశాడు సూపర్‌వైజర్ మహేశ్వర్.

గద్వాల అవతల, ఐజ దారిలో ఉన్న పత్తి మిల్లు అది. గింజనూ దూదినీ వేరు చేసే మిషన్ల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఈ మాట మాత్రం అందరికీ వినపడింది. అన్నది అందరినీ అయినా, చూపు మాత్రం కిష్టమ్మ మీదే ఉంది.

ఉండదా మరి? ఆ బటన్ పెట్టించింది ఆమే.

నిరుడు ఆమె తోటికోడలు రాధమ్మ చెయ్యి, పత్తిని లోపలికి లాగే రోలర్ల మధ్య పడింది. మెయిన్ స్విచ్ ఉన్నదేమో షెడ్డు ఆ చివర, వేరే గదిలో. పత్తి బోరాల సందుల్లోంచి ఎవరో పరుగెత్తిపోయి ఆపేసరికి మూడు వేళ్లు పోయాయి. "చూసుకోని పని చెయ్యొద్దా?" అన్నాడు మహేశ్వర్, దవాఖానలో, రాధమ్మ మంచం పక్కనే నిలబడి. ఆ రోజు నుంచి అతని మొహం చూస్తే చాలు, కిష్టమ్మకు ఒళ్లు మండుతుంది.

కిష్టమ్మ కూతురు స్రవంతి వనపర్తి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదువుతోంది. నోటుపుస్తకంలో బొమ్మ గీసి చూపించింది.

"గొడుగు లెక్క ఉంటదమ్మా. అరచేత్తోటి ఒక్కటిస్తే చాలు, మోటర్‌కు కరెంటు తెగుతది. దాన్ని తిప్పి వదిలిందాక మిషన్ మళ్ల షురూ కాదు. ప్రతి మిషన్ పక్కన ఉండాలె."

ఆ కాగితం పట్టుకుని కిష్టమ్మ ఆరు నెలలు కొట్లాడింది. ఓనరును నిలదీసింది. ఆడవాళ్లందరితో సంతకాలూ వేలిముద్రలూ పెట్టించింది. చివరికి తనిఖీకి ఎవరో వస్తున్నారని తెలిశాక, మహేశ్వర్ పళ్లు నూరుతూ ఒక ఆదివారం తానే డ్రిల్లు పట్టి, కిష్టమ్మ మిషన్ ఒక్కదాని పక్కన మాత్రం పసుపు పెట్టె బిగించి, దాని మీద ఎర్ర బటన్ కూర్చోబెట్టాడు. వచ్చినాయన ఫొటో తీసుకుని, టీ తాగి వెళ్లిపోయాడు.

దసరాకు ఆయుధ పూజ నాడు కిష్టమ్మ దానికి కూడా కుంకుమ బొట్టు పెట్టింది.

"ఒక్కసారి ఒత్తి చూద్దుమా సారూ?"

"దండం పెట్టుకో. ముట్టకు," అన్నాడు మహేశ్వర్. "గెలిచిన కదా అని నెత్తికెక్కుతున్నవా? నీ సరదాకు మిల్లు ఆపాల్నా?"

ఈ రోజు పదకొండింటికి కిష్టమ్మ మిషన్‌లో పత్తి అడ్డం పడింది. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

"బటన్ ఒత్తి తీస్త సారూ. నడిచే మిషన్ల చెయ్యి పెట్ట."

"ఏందే నీ లొల్లి? ఇన్నేండ్లు ఎట్ల తీసినవ్?"

"రాధమ్మ తీసినట్లే."

నలుగురిలో ఆ మాట అనేసరికి మహేశ్వర్ మొహం కందగడ్డయింది. "చేతగాదని చెప్పు, తప్పుకో!" అంటూ ఆమెను భుజంతో తోసి తానే వంగాడు. పిడికెడు పత్తి లాగి ఆమె మొహాన కొట్టాడు. మళ్లీ చెయ్యి పెట్టాడు.

అతనిది నిండు చేతుల చొక్కా. గుండీ పెట్టక వేలాడుతున్న దాని అంచు రోలర్లకు చిక్కింది.

కేక విని ఆడవాళ్లంతా ఇటు తిరిగారు. రోలర్లు నింపాదిగా గుడ్డను మింగుతున్నాయి. మణికట్టుకు ఇంకా జానెడు దూరం ఉంది. మెయిన్ గది వైపు ఎవరూ కదల్లేదు. కదలాల్సిన పనేముంది, బటన్ పక్కనే కిష్టమ్మ ఉండగా?

ఆమె చెయ్యి వెంటనే లేవలేదు. చూసుకోని పని చెయ్యొద్దా? అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఈ మనిషి వేళ్లు కూడా అలాగే పోవాలని ఎన్నిసార్లు శాపనార్థాలు పెట్టిందో ఆమెకే తెలియదు.

కానీ నిరుడు రాధమ్మ అరిచింది కూడా అచ్చం ఇలాగే.

కిష్టమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, ఆ కుంకుమ బొట్టు మీద కొట్టడానికి అరచెయ్యి ఎత్తింది.

"అది కాదే కిష్టమ్మా, మెయిన్ రూముకు ఉరుకు, నేను దానికి వైర్లు కలపనే లేదు!" అని గావుకేక పెట్టాడు మహేశ్వర్.