ముసలి రాయి పైన

"పెట్టెలు తిరగేసి సర్దావు. రేపట్నుంచి పనిలోకి రాకు!"

జియాలజిస్టు అరుపుకి, పెట్టెల మీద లోతు అంకెలు రాస్తున్న ఆమె చేతిలోని పెయింటు బ్రష్షు జారి కిందపడింది. ఆ షెడ్డులో చేరి వారం కూడా కాలేదు. బోరు మిషన్ భూమిలోంచి లాగిన రాతి కడ్డీల్ని కడిగి, పై లోతుది పై పెట్టెలో, కింది లోతుది కింది పెట్టెలో పేర్చడమే ఆమె పని.

"తిరగెయ్యలేదు సార్. వచ్చింది వచ్చినట్టే పెట్టాను."

"నాకు చెప్తావా? ఈ గవ్వల ముద్రలున్న రాయి తాత. ఈ ఎర్ర ఇసుకరాయి మనవడు. తాత పైన, మనవడు అడుగునా? ముందు పేరుకున్న మట్టి కిందుంటుంది. చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు!"

షెడ్డు మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. ఆమెకి మేనమామ. పని ఇప్పించిందీ ఆయనే. చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"పొరపాటైందని ఒక్క ముక్క అనవే. నీ సొమ్మేం పోయింది?"

"చెయ్యని పొరపాటు నేనెందుకు ఒప్పుకోవాలి మామయ్యా?"

"ఇంట్లో పొయ్యి వెలగాలా వద్దా?"

వెలగాలి. ఇద్దరు పిల్లలకి ఆమె ఒక్కతే దిక్కు. అయినా మొండిగా వెళ్లి జియాలజిస్టు ఎదురుగా నిలబడింది.

"పక్కనే ఇంకో బోరు వెయ్యండి సార్. మీరే దగ్గరుండి పేర్చుకోండి. నాది తప్పయితే మళ్లీ నా మొహం చూపించను."

"సరే, అదీ చూద్దాం!"

నాలుగు రోజులు అతను మిషన్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ప్రతి కడ్డీనీ తన చేత్తోనే అందుకున్నాడు. ముందు గవ్వల రాయి వచ్చింది. దాని కింద ఎర్ర ఇసుకరాయి.

ఐదో రోజు షెడ్డుకొచ్చాడు. గుమ్మంలో పరిచిన గోనెపట్టాని బూటుకాలితో నెట్టాడు. పట్టా ముడతపడి తన మీదికే తానెక్కి కూర్చుంది.

"ఇదమ్మా జరిగింది. ఈ పల్లంలో మట్టి పొరలు పొరలుగా పేరుకుని రాయైంది. తర్వాత లక్షల ఏళ్లు పక్కనుంచి నేల తోసింది. అడుగు రాయి విరిగి, పై రాయి మీదికెక్కింది. నువ్వు రాయిని చూసి పెట్టావు. నేను పుస్తకాన్ని చూసి తిట్టాను. తప్పు నాదే. పని చేసుకో."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అతను మేస్త్రీ వైపు తిరిగాడు. "ఒక్కటే అంతుపట్టట్లేదు మేస్త్రీ. ఇంత పెద్ద తోపుడు ఒక్కచోటే ఆగదు. ఈ పల్లంలో ఇదివరకు పదకొండు బోర్లు వేశాం. ఒక్కదాంట్లోనైనా ముసలి రాయి పైన రావాలి కదా?"

మేస్త్రీ తల దించుకున్నాడు.

"అన్నింట్లోనూ పైనే వచ్చింది సార్. తప్పు సర్దానంటారని, నేనే సరిచేసి పెట్టాను."