బుల్లి లారీకి పెద్ద కిటికీ

ఏమోయ్, నిన్నే! ఈ బండిని చూసుంటే నువ్వూ నోరు తెరుచుకుని నిలబడేవాడివే, నాకు తెలుసు. ముందు ఆ నోరు మూసుకో, ఈగలు దూరతాయి. చెబుతా విను.

కెనడాలో గోధుమ చేలు తప్ప ఇంకేమీ కనపడని సస్కాచువాన్‌లో ఓరెస్ట్ అని ఒకాయన ఉన్నాడు. అరవై దాటాడు. ఉన్న కారు అమ్మేసి, దాచుకున్నదంతా పోసి, జపాన్ నుంచి ఓడ మీద ఒక బుల్లి లారీ తెప్పించుకున్నాడు.

వెనక తొట్టి మీద చెక్కలతో గది కట్టాడు. అందులో ఒక మంచం, ఒక పొయ్యి, గదికి మించిన కిటికీ.

కిటికీ డార్యా కోసం. డార్యా ఆయన భార్య. పుట్టి బుద్ధెరిగి ఆమె సముద్రం చూడలేదు.

"ఏం చూడాలనుకున్నా మంచు పడేలోపే చూసెయ్యమ్మా" అన్నాడు కళ్ళ డాక్టరు.

తీరా బయల్దేరదామనుకునేసరికి బండి గేరుబాక్సు ముక్కలైంది.

ఎవరికి ఫోన్ చేసినా ఒకటే మాట. "పాత మోడలండీ, సామాను రావటం లేదు."

రోజూ ఫోన్లు చేయటం, బండి కింద దూరటం, ఉత్త చేతులతో బయటికి రావటం. దానికి తోడు దారిన పోయేవాళ్ళ గోల.

"ఇదేంటి, బొమ్మా?"

"పిల్ల. తల్లి ఆల్బర్టాలో ఉంది. ఈమధ్యే పాలు మాన్పించాం."

"స్టీరింగు కుడిపక్కకుందేంటి? అందరికీ ఎడమపక్క కదా?"

"నా ఎడమ చెవికి చెముడు. మా ఆవిడ అటు కూర్చుంటుంది."

"అమ్ముతావా?"

మొదట్లో సరదాగానే ఉండేది. అడిగిందే అడుగుతుంటే, చెప్పిన అబద్ధమే చెప్పి చెప్పి ఓరెస్ట్‌కి నవ్వు కూడా అరిగిపోయింది.

ఒక మధ్యాహ్నం గేటు ముందు ఒక పాత పికప్ ట్రక్కు ఆగింది. ఎండకి మెడ మాడిపోయిన ముసలాయన దిగాడు. బుల్లి లారీ చుట్టూ మెల్లగా తిరిగాడు.

"నడుస్తుందా తమ్ముడూ?"

బండి కింద దుప్పటి పరుచుకుని పడుకున్న ఓరెస్ట్ కళ్ళు కూడా తెరవలేదు.

"పరిగెడుతుంది. అలిసిపోయిందని కాసేపు పడుకోబెట్టాను."

"వీటికి సామాను దొరకదంటారే?"

"దొరక్కపోవటమేంటి పెద్దాయనా! వెనక కొట్టం నిండా గేరుబాక్సులే. కోళ్ళు వాటిల్లోనే గుడ్లు పెడుతున్నాయి."

వంటింట్లోంచి డార్యా కేకేసింది. "ఊరుకోవయ్యా! ఆయన నిజమనుకుంటాడు."

"అనుకోనీవే. త్వరగా కదులుతాడు" అని గొణుక్కున్నాడు ఓరెస్ట్.

ముసలాయన నవ్వలేదు.

"అయితే నీకేం అక్కర్లేదన్నమాట."

"ఒక్కటి కావాలి. కాస్త నిద్ర."

"నేనెందుకొచ్చానంటే తమ్ముడూ..."

"తెలుసులే. బండి అమ్మను."

ముసలాయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మంచి కిటికీ పెట్టావు" అని వెళ్ళిపోయాడు.

డార్యా చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఏదో చెప్పబోయాడు పాపం. కాఫీ తాగి పొమ్మనలేకపోయావా? మన గుమ్మంలోంచి ఎవరైనా అలా పోయారా ఎప్పుడైనా?"

"కాఫీ పోస్తే పొద్దుగూకేదాకా కదలడు. నాకు ఓపిక లేదు డార్యా."

"నాకున్న కాస్త చూపూ నీ నిష్ఠూరాలు చూట్టానికే సరిపోతోంది" అని ఆమె లోపలికెళ్ళింది.

ఆగస్టు పోయింది. చెట్ల ఆకులు పసుపెక్కాయి. ఒకరోజు డార్యా సూదిలో దారం ఎక్కించలేక కిటికీ కర్టెన్ని ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. ఓరెస్ట్ చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

మర్నాడే పక్కింటివాళ్ళ కారు అడిగి తీసుకుని, ఆమెను ఎక్కించుకుని, దూరాన ఉన్న లోర్న్ అనేవాడి పాత బండ్ల సామాను దొడ్డికి వెళ్ళాడు. ఆఖరి ఆశ.

బండి పేరు వినగానే లోర్న్ తల పట్టుకున్నాడు.

"అయ్యో, నిన్న రాకపోయావా! ఏడాదికోసారి వస్తుంది పాత బండ్లని అణిచి ముద్ద చేసే మిషను. ఇవాళ పొద్దున్నే పని ముగించుకుని పోయింది."

డార్యా కళ్ళు చికిలించి చూసింది. "అదిగో, ఆ నీలంది ఏంటి? మడిచిపెట్టిన దుప్పటిలా ఉంది."

"అదేనమ్మా, అచ్చం మీలాంటి బండే."

ఓరెస్ట్ దాని దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. తిరిగొచ్చి అడిగాడు. "గేరుబాక్సు?"

"బ్రహ్మాండంగా ఉంది. ఆయన తోలుకునే వచ్చాడు మరి! వాల్టర్ అని, తేనెటీగలు పెంచుకునేవాడు. ముసలాళ్ళ హోముకి వెళ్ళిపోతున్నాట్ట, ఇల్లంతా ఖాళీ చేసేశాడు."

"అమ్మకానికి పెట్టకపోయాడా?" అంది డార్యా.

"అమ్మటమా! ఇలాంటి బండి ఉన్నవాడికి ఎవడికైనా ఊరికే ఇచ్చేసి పోదామని ఎండలో ఊరూరా తిరిగాడమ్మా ఆ పిచ్చి మారాజు. ఆఖరికి మీ ఊళ్ళోనే ఒకణ్ణి పట్టుకుంటే, వాడికేమో ఏ లోటూ లేదట!"