నూట నలభై కిలోలు

"బరువెంత తమ్ముడూ?" స్క్రూడ్రైవర్ అందుకుంటూ అడిగింది తొల్కున్.

"నూట నలభై అనుకో అక్కా."

తొల్కున్ పకపకా నవ్వింది. జిర్గలాన్ అనే ఈ కొండ ఊళ్లో స్కీలు అద్దెకివ్వడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లయింది. లావుపాటివాళ్లంతా పది కిలోలు తగ్గించి చెప్పేవాళ్లే గాని, పెంచి చెప్పినవాణ్ణి ఆమె ఇంతవరకు చూడలేదు.

"గొర్రెని మింగొచ్చావేంట్రా బోలోత్? మొన్ననేగా కాటా ఎక్కావు, వందే!"

"అన్నిటికంటే వెడల్పు జత ఇవ్వు. మంచు మెత్తగా ఉంది, నడుం లోతు. నా పాతవి ఆ బరువుకి కూరుకుపోతాయి."

"ఏ బరువుకిరా?"

బోలోత్ గుమ్మం వైపు చూశాడు. బయట గుర్రబ్బండి మీద, గొర్రెతోళ్ల మధ్య అతని భార్య మొహం ఒక్కటే కనిపిస్తోంది.

"కుముష్‌ని వీపుకి కట్టుకుని ఆసుపత్రికి దింపుతాను. రోడ్డు మీద మంచుచరియ పడి ఐదు రోజులైంది. ఎవరి కాళ్లు పట్టుకున్నా రేపు, రేపు అంటున్నారు."

తొల్కున్ గోడ దగ్గరికి నడిచింది. అరచెయ్యి కంటే వెడల్పైన జత దించి, బూటును పట్టి ఉంచే మర దగ్గర కూర్చుంది. మనిషి బరువును బట్టి దాన్ని బిగించాలి.

"మరదలు నలభైయేనా? తూచావా?"

"తూచడమెందుకక్కా, రోజూ మంచం మీంచి ఎత్తుకుంటున్నానుగా. పోయిన నెల యాభై ఉండేది."

కాటా చూడకుండా ఏనాడూ మర తిప్పని తొల్కున్, దాన్ని పోయిన నెల లెక్కకే, నూట యాభైకి బిగించింది.